ఒకే ఆలోచన రాత్రంతా తిరుగుతుంటే...

తాడిపత్రి చుట్టుపక్కల ఊళ్లలో బోరు ఎండిపోవడం కొత్త సంగతి కాదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అదీ అదనులో పడుతుందన్న నమ్మకం లేదు. వేరుశనగ పోయినా, చీనీ చెట్లు ఎండినా నష్టం జరిగేది ఒక్కసారే. మనసులో మాత్రం అది రోజుకు యాభైసార్లు జరుగుతుంటుంది. ‘ఆ బోరు వేయకుండా ఉండాల్సింది’, ‘నాకే ఎందుకిట్లా’, ‘బిడ్డ నికా ఎట్లా చేసేది’ అంటూ ఇషా నమాజు అయి పడుకున్నాక మొదలై, ఫజర్ అజాన్ వినపడేదాకా అదే తిరుగుతుంది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని తగ్గిన ఇంట్లోనూ, గల్ఫ్ పోయిన కొడుకు రెండు రోజులు ఫోన్ చేయని ఇంట్లోనూ ఇదే తంతు.

ఆలోచించడం జబ్బేమీ కాదు. అయితే ఆలోచన ముగిసేసరికి చేయాల్సిన పని ఒకటైనా తేలాలి. అరగంట గడిచినా ఏ పనీ తేలక, గుండె ఇంకాస్త బరువెక్కితే అది నెమరువేత. మనస్తత్వ నిపుణులు ఇంగ్లీషులో వాడే ‘రూమినేషన్’ అనే మాటకూ మూలం పశువుల నెమరే. కాకపోతే పశువు నెమరు వేస్తే మేత అరుగుతుంది, మనిషి నెమరు వేస్తే బాధ అరగదు.

దీన్ని లోతుగా పరిశీలించినవారిలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సుసాన్ నోలెన్ హోక్సెమా ముఖ్యులు. 1989 అక్టోబర్ 17న కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. అంతకు రెండు వారాల ముందే స్టాన్‌ఫోర్డ్ విద్యార్థుల మానసిక స్థితిని, బాధ కలిగితే వాళ్లు ఏం చేస్తారన్నదాన్ని ఆమె బృందం నమోదు చేసి ఉంది. భూకంపం తర్వాత పది రోజులకు, మళ్లీ ఏడు వారాలకు చూస్తే, బాధను నెమరువేసే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలోనే దిగులు ఎక్కువగా కనిపించింది.

దీన్నిబట్టి ‘కరువు కష్టమంతా నీ మనసులోనే ఉంది’ అని రైతుకు చెప్పడం అన్యాయం. అప్పు నిజం, ఎండిన చెట్టూ నిజం. ఆ కష్టంతో తలపడటానికి కావాల్సిన నిద్రను, సత్తువను నెమరువేత తినేస్తుంది, అంతే.

ఇంట్లోవాళ్లు మామూలుగా ఇచ్చే సలహా ‘దాని గురించి ఆలోచించొద్దు’. అది పనిచేయదు. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని డేనియల్ వెగ్నర్ 1987లో తన ప్రయోగంలో పాల్గొన్నవారికి చెబితే, అదే పదే పదే గుర్తుకొచ్చింది. తలపును బలవంతంగా అణచడం కన్నా దాని దారి మళ్లించడం మేలు.

బ్రిటన్‌కు చెందిన ఎడ్వర్డ్ వాట్కిన్స్ చూపిన దారి ‘ఎందుకు’ నుంచి ‘ఎట్లా’కు మారడం. ‘నాకే ఎందుకిట్లా?’ అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ‘ఈ నెల కట్టాల్సింది ఎంత? ఉన్న నీళ్లు ఎన్ని చీనీ చెట్లకు సరిపోతాయి? సోమవారం బ్యాంకుకు పోయి ఎవరిని అడగాలి?’ అంటే ప్రతిదానికీ జవాబుంది. కరువు మండలంగా ప్రకటిస్తే పంట రుణాన్ని రీషెడ్యూల్ చేసే వీలు బ్యాంకులకు ఉంటుంది. తెల్లార్లూ పొర్లాడిన మనిషికి ఈ మాట అడగాలని తోచకపోవచ్చు.

రెండో ఉపాయం 1983లో థామస్ బోర్కోవెక్ బృందం పరీక్షించింది: దిగులుకు ఒక వేళ పెట్టడం. రోజూ ఒకే చోట, ఒకే సమయంలో అరగంట. అసర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య అయితే బాగుంటుంది, పడుకునే ముందు మాత్రం వద్దు. మిగతా సమయంలో దిగులు వస్తే కాగితం మీద ఒక్క ముక్క రాసి, ‘సాయంత్రం చూద్దాం’ అని చేతిలో పని అందుకోవాలి. మొదటి వారం కష్టమే. సాయంత్రం చీటీ తీస్తే సగం సంగతులు అప్పటికే చిన్నవైపోయి ఉండొచ్చు.

మాట్లాడుకుంటే మనసు తేలికపడుతుంది, నిజమే. కానీ ఇద్దరు కూర్చొని చాయ్ మీద చాయ్ తాగుతూ అదే గోడు రోజూ తిరగేస్తే నెమరువేత ఇద్దరిదవుతుంది. వినేవాళ్లు చివర్లో ‘సరే భాయ్, రేపు ఏం చేద్దాం?’ అని ఒక్క మాట అడగాలి.

ఈ చింతన ముస్లిం సమాజానికి కొత్తది కాదు. దాదాపు పదకొండు వందల ఏళ్ల కిందటే అబూ జైద్ అల్ బల్ఖీ ‘మసాలిహ్ అల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అనే గ్రంథంలో శరీర ఆరోగ్యంతో పాటు మనసు ఆరోగ్యాన్నీ వివరించారు. కోపం, భయం, దుఃఖంతో పాటు వస్వసాను విడిగా చర్చించారు. ఇంట్లో ముందుగానే మందులు దాచుకున్నట్టు, మనసు కుదుటగా ఉన్నప్పుడే మేలైన ఆలోచనలను సమకూర్చుకోవాలన్నది ఆయన సలహా.

వుజూ సరిగా కాలేదేమోనని పదే పదే చేయడం, తలుపు వేసిందీ లేనిదీ ఇరవైసార్లు చూడటం వంటివి రోజును మింగేస్తుంటే అది వేరే సంగతి. ఈమాన్ తక్కువై కాదు, అది ఓసీడీ అనే జబ్బు కావచ్చు. దానికి చికిత్స ఉంది. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడి, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ‘బతకడం ఎందుకు’ అన్న మాట నోటివెంట వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలను ఆ రాత్రే పక్కింటికి తరలించండి.