ఇయర్‌బడ్స్ కొనే ముందు: తక్కువ ధరలో నాయిస్ క్యాన్సిలేషన్, పిల్లల చెవులకు జాగ్రత్త



పేరెంట్స్ మీటింగుల్లో మార్కులు, హోంవర్కు గురించి మాట్లాడుకున్నాక ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటి ఉంది. "టీచర్ గారూ, మావాడు నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న ఇయర్‌బడ్సే కావాలని పట్టుబట్టాడు. ఆన్‌లైన్ క్లాసులకి అంటున్నాడు. కొనొచ్చా? కొంటే ఎంతలో కొనాలి?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఆ పరికరం ఏం చేస్తుందో, ఏం చేయదో తెలిస్తే మీ ఇంటికి ఏది సరిపోతుందో మీరే నిర్ణయించుకోగలరు. ఈ నెల వ్యాసం అందుకోసమే. ఏ ఒక్క కంపెనీనీ మేం సిఫారసు చేయడం లేదు.

నాయిస్ క్యాన్సిలేషన్ అంటే ఏమిటి?

శబ్దం అంటే గాలిలో కదిలే అల. చేపల చెరువులో రెండు వైపుల నుంచి అలలు వచ్చి కలిసినప్పుడు చూడండి. ఒక అల పైకి లేచే చోటే రెండో అల కిందికి దిగితే అక్కడ నీరు కదలనట్టే ఉంటుంది. ఇయర్‌బడ్స్ చేసేదీ ఇదే. వాటి మీద ఉన్న చిన్న మైకు బయటి శబ్దాన్ని వింటుంది. లోపలి చిప్ దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే అలను తయారుచేసి చెవిలోకి పంపుతుంది. రెండూ కలిసి ఆ శబ్దం తగ్గిపోతుంది. దీన్నే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్, క్లుప్తంగా ఏఎన్‌సీ అంటారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. పాల్ లూగ్ అనే జర్మన్ శాస్త్రవేత్తకు దీని మీద 1936లోనే అమెరికాలో పేటెంట్ వచ్చింది. 1978లో అమర్ బోస్ విమానంలో ప్రయాణిస్తూ, ఇంజిన్ హోరులో హెడ్‌ఫోన్స్‌లో పాట సరిగ్గా వినబడక, ఆ హోరును తీసేయడం ఎలాగో అక్కడికక్కడే లెక్కలు వేయడం మొదలుపెట్టారు. ఆయన అమెరికాలో పుట్టిన ప్రొఫెసర్, తండ్రి బెంగాల్ నుంచి వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడు. 1989లో ఆయన కంపెనీ పైలట్ల కోసం అలాంటి హెడ్‌సెట్‌ను తెచ్చింది. ఒకప్పుడు పైలట్లకే పరిమితమైన ఆ పరికరం ఇప్పుడు రెండు వేల రూపాయలకు దొరుకుతోంది.

ఏ శబ్దం తగ్గుతుంది, ఏది తగ్గదు?

చాలామంది పొరబడేది ఇక్కడే. ఏఎన్‌సీ అన్ని శబ్దాలనూ ఆపదు. ఒకే తీరున సాగే బొంగురు శబ్దాల మీద బాగా పనిచేస్తుంది. మన వైపు భాషలో చెప్పాలంటే, రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల హోరు, జనరేటర్, డీజిల్ ఇంజిన్, స్కూల్ బస్సు ఇంజిన్, ఏసీ, ఫ్యాను, రైలు ప్రయాణంలో వచ్చే మోత, ఇవన్నీ బాగా తగ్గుతాయి. చెరువు గట్టు మీద మకాం ఉన్న కుటుంబాలకు, రోజూ బస్సులో ఏలూరో తాడేపల్లిగూడెమో వెళ్లివచ్చే పిల్లలకు తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కుక్కర్ విజిల్, టీవీ సీరియల్ మాటలు, పసిపిల్లల ఏడుపు, గుడి మైకులోంచి వచ్చే పాట, పక్కింటివాళ్ల కబుర్లు మాత్రం అంతగా తగ్గవు. ఇవి క్షణక్షణం మారే శబ్దాలు, పైగా వీటిలో చాలావాటి స్థాయి హెచ్చు. చిప్ వాటిని పూర్తిగా అందుకోలేదు. వాటిని ఆపేది చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బరు టిప్పే. అందుకే డబ్బాలో ఇచ్చే చిన్న, మధ్య, పెద్ద సైజు టిప్పుల్లో మీ పిల్లల చెవికి సరిపోయేదాన్ని ఎంచుకోవడం చాలా ముఖ్యం. టిప్పు వదులుగా ఉంటే ఎంత ఖరీదైన ఏఎన్‌సీ అయినా వృథా.

మీ అబ్బాయికో అమ్మాయికో కావలసింది చదువుకోవడానికి నిశ్శబ్దం మాత్రమే అయితే, మందుల షాపులో కొద్ది రూపాయలకు దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ ముందు వాడి చూడండి. చదివే గంటసేపు టీవీ కట్టేయడం వాటికన్నా చవక.

పేరు దగ్గర మోసపోకండి: ఏఎన్‌సీ వేరు, ఈఎన్‌సీ వేరు

ఏడెనిమిది వందల రూపాయల ఇయర్‌బడ్స్ డబ్బాల మీద "నాయిస్ క్యాన్సిలేషన్" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కిందికి చదివితే "ఈఎన్‌సీ" అని కనిపిస్తుంది. ఈఎన్‌సీ పనిచేసేది మీ చెవికి కాదు, ఫోనులో అవతలివాళ్లకు. మీరు మాట్లాడేటప్పుడు మీ చుట్టూ ఉన్న రొద వాళ్లకు వినబడకుండా చేస్తుంది. ఆన్‌లైన్ క్లాసులో పిల్లలు జవాబు చెప్పడానికి అది పనికొస్తుంది కానీ, పాఠం వినేటప్పుడు బస్సు హోరును తగ్గించదు. డబ్బా మీద "యాక్టివ్" లేదా "ఏఎన్‌సీ" అని స్పష్టంగా ఉందో లేదో చూడండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

ధర: పేరున్న కంపెనీల్లో పనికొచ్చే ఏఎన్‌సీ సుమారు 1,500 నుంచి 3,000 రూపాయల మధ్య దొరుకుతుంది. రియల్‌మీ, వన్‌ప్లస్ నార్డ్, సీఎంఎఫ్, బోట్, నాయిస్ వంటి బ్రాండ్లలో ఈ ధరకు మోడళ్లు ఉన్నాయి. పండగ సేల్స్‌లో ధర తగ్గుతుంది, కాబట్టి తొందరపడక్కర్లేదు.

డెసిబెల్ అంకెలు: "50 డీబీ వరకు తగ్గిస్తుంది" అని రాసి ఉంటే, అది ఏదో ఒక స్థాయి శబ్దం దగ్గర వచ్చిన గరిష్ఠ అంకె. అన్ని శబ్దాలకూ వర్తించదు. రెండు వేర్వేరు కంపెనీలను ఆ అంకెతో పోల్చకండి. "హైబ్రిడ్ ఏఎన్‌సీ" అంటే బయట ఒక మైకు, లోపల చెవి వైపు ఒక మైకు ఉన్నట్టు. బయట మాత్రమే మైకు ఉన్నదాని కన్నా సాధారణంగా ఇది మెరుగు.

బ్యాటరీ: "40 గంటలు" అనేది ఛార్జింగ్ కేసుతో కలిపి, చాలాసార్లు ఏఎన్‌సీ ఆపి ఉంచి లెక్కేసింది. ఏఎన్‌సీ ఆన్ చేసి, ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని గంటలు వస్తుందో అడగండి. ఐదారు గంటలు వస్తే పిల్లలకు చాలు.

ట్రాన్స్‌పరెన్సీ మోడ్: బయటి శబ్దాన్ని కావాలని లోపలికి వినిపించే సదుపాయం ఇది. అమ్మ పిలిస్తే వినబడాలంటే ఇది ఉండాలి.

తడి: ఐపీఎక్స్4 లేదా ఐపీఎక్స్5 అని ఉంటే చెమటకు, చినుకులకు తట్టుకుంటుంది. నీళ్లలో పడితే తట్టుకుంటుందని మాత్రం కాదు.

ముద్ర, బిల్లు: వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్‌కు మన దేశంలో బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బా మీద "ఆర్" అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ వివరాలు వస్తాయి. "ఫస్ట్ కాపీ" అంటూ అమ్మే నకిలీలకు ఇది ఉండదు, లేదా సరిపోలదు. చెవిలో పెట్టుకునే బ్యాటరీ వస్తువు కాబట్టి ఇక్కడ రాజీ వద్దు. జీఎస్‌టీ బిల్లు తప్పక తీసుకోండి. వారంటీ దగ్గర ఇబ్బంది పెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

షాపులో కొంటే చిన్న పరీక్ష చేయండి. డెమో పీసు ఉంటే పాట పెట్టకుండా చెవిలో పెట్టుకుని, ఏసీ లేదా ఫ్యాను దగ్గర నిలబడి ఏఎన్‌సీ ఒకసారి ఆన్, ఒకసారి ఆఫ్ చేయండి. హోరు తగ్గడం మీకే తెలుస్తుంది. తేడా తెలియకపోతే ఆ డబ్బు దానికి పెట్టనక్కర్లేదు.

అసలు లాభం చెవికి

ఏఎన్‌సీ వల్ల పిల్లలకు నిజంగా కలిగే మేలు పాట బాగా వినబడటం కాదు, తక్కువ సౌండులో వినగలగడం. బస్సులో ఇంజిన్ మోతకు పైన వినబడాలని పిల్లలు వాల్యూమ్ పెంచుతారు. బస్సు దిగాక తగ్గించడం మర్చిపోతారు. హోరు తగ్గితే పెంచాల్సిన అవసరమే రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు చెప్పే పరిమితి 75 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సురక్షితమైన సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 80 డెసిబెల్స్ దగ్గర వారానికి సుమారు పన్నెండున్నర గంటలు, 85 దగ్గర నాలుగు గంటలు, 90 దగ్గర గంటంపావు మాత్రమే. ఫుల్ వాల్యూమ్‌లో చాలా ఇయర్‌ఫోన్స్ 100 డెసిబెల్స్‌ను చేరుకోగలవు. అంటే ఒక్క సినిమా పాటల జాబితాతోనే వారం కోటా అయిపోతుంది.

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని రోమకణాలు ఉంటాయి. అవి దెబ్బతింటే మళ్లీ మొలవవు. ఆ నష్టం సాధారణంగా హెచ్చు స్థాయి శబ్దాల దగ్గర మొదలవుతుంది. ఇంగ్లిష్ చెప్పే టీచరుగా నన్ను కలవరపెట్టేది ఇదే. ఇంగ్లిష్‌లో స్, ఫ్, ట్, థ్ వంటి ధ్వనులు హెచ్చు స్థాయివి, పైగా బలం తక్కువవి. మన తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, మాట చివర వచ్చే హల్లును పట్టుకోవడం మన పిల్లలకు ముందే కాస్త కష్టం. "క్యాట్" అంటే "క్యాప్" అని రాస్తారు, "బుక్స్" అంటే "బుక్" అని రాస్తారు. ఆపైన వినికిడి కూడా కొంచెం తగ్గితే డిక్టేషన్‌లో, లిజనింగ్ పరీక్షలో మార్కులు పోతాయి. అప్పుడు మనం దాన్ని అశ్రద్ధ అనుకుని పిల్లల్ని కోప్పడతాం.

చెవిలో గుయ్‌మని మోత, పిలిస్తే "ఏంటీ?" అని పదేపదే అడగడం, టీవీ సౌండు పెంచమనడం, ఇవి కనిపిస్తే ఇయర్‌బడ్స్ పక్కన పెట్టించి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి.

రోడ్డు మీద మాత్రం వద్దు

మన ఊరి మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి వెళ్తోంది. లారీలు, చేపల లోడు వ్యాన్లు, బస్సులు రాత్రీ పగలూ తిరుగుతాయి. కాస్త దూరంలో హౌరా–చెన్నై రైలు మార్గం ఉంది. ఏఎన్‌సీ బాగా తగ్గించేది ఇంజిన్ హోరునే అని పైన చెప్పుకున్నాం. అంటే వెనక నుంచి వస్తున్న లారీ సంగతి పిల్లలకు ముందుగా చెప్పే శబ్దాన్నే అది తీసేస్తుంది. రోడ్డు దాటేటప్పుడు, సైకిల్ మీద, రైలు గేటు దగ్గర, బస్సు కోసం నిలబడినప్పుడు రెండు చెవులూ ఖాళీగా ఉండాలి. ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంది కదా అని కూడా ఒప్పుకోకండి. ఈ ఒక్క నియమంలో మినహాయింపు ఇవ్వవద్దని మనవి.

ఇంట్లో పెట్టుకోదగిన నియమాలు

వాల్యూమ్ 60 శాతం దాటకూడదు. శాంసంగ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్ లిమిట్ పెట్టి పిన్ నంబరుతో తాళం వేయవచ్చు. ఐఫోన్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీ అనే చోట పెద్ద శబ్దాన్ని తగ్గించే సెట్టింగ్ ఉంది.

గంట విన్నాక పది నిమిషాలు చెవికి విశ్రాంతి ఇవ్వాలి. చెవిలో పెట్టుకుని నిద్రపోకూడదు.

అన్నదమ్ములైనా సరే ఒకరివి ఒకరు వాడకూడదు. టిప్పులను వారానికోసారి పొడి గుడ్డతో తుడవాలి. కాలువలో ఈత కొట్టి వచ్చాక, తలస్నానం చేశాక చెవి పూర్తిగా ఆరే వరకు పెట్టుకోకూడదు. చెవి కారుతుంటే డాక్టరు చెప్పేవరకు అసలే వద్దు.

క్యాంపస్‌లోకి ఫోన్లు, ఇయర్‌బడ్స్ అనుమతి లేదని పిల్లలకు మరోసారి గుర్తుచేయండి.

చివరిగా ఒక మాట. ఇంట్లో కూర్చుని రోజుకో గంట ఆన్‌లైన్ పాఠం వినే పిల్లలకు మూడు నాలుగు వందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్స్ చక్కగా సరిపోతాయి. ఛార్జింగ్ అక్కర్లేదు, ఒకటి ఎక్కడో పడిపోయి రెండోది మిగిలే బాధా లేదు. రోజూ బస్సులోనో, చెరువుల దగ్గరి మకాంలోనో హోరు మధ్య వినాల్సి వస్తే మాత్రం ఏఎన్‌సీకి పెట్టే ఖర్చుకు అర్థం ఉంది. "క్లాసులో అందరికీ ఉన్నాయి" అనేది మాత్రం కొనడానికి కారణం కాదు. ఏది కొన్నా, కొన్న రోజునే మీ పిల్లల పక్కన కూర్చుని వాల్యూమ్ లిమిట్ పెట్టి, రోడ్డు నియమం చెప్పి, ఆ తర్వాతే చేతికివ్వండి.