విందుబల్లపై ఎఱ్ఱని పులుపు

నవంబరు మాసపు నాల్గవ గురువారమునాడు, థాంక్స్‌గివింగ్ పండుగ పేరిట, అమెరికా దేశమున ఏ యింట చూచినను భోజనపుబల్ల తీరు ఇంచుమించుగా ఒక్కటియే. నడుమ గంటల తరబడి సెగలో కాలి వన్నె తిరిగిన టర్కీకోడి. దాని చుట్టును వెన్న కలిపి మెదిపిన బంగాళాదుంపలు, రొట్టెముక్కలతో చేసిన స్టఫింగు, మాంసరసముతో కాచిన చిక్కని గ్రేవీ, చిలగడదుంపలు, కడపట గుమ్మడి పై. ఇవి యన్నియు మెత్తనివి, జిడ్డు గలవి. కడుపు నింపునవియే గాని నోటికి చుఱుకు పుట్టించునవి కావు. ఆ జిడ్డునకు విరుగుడై, ముద్దముద్దకును రుచిని మరల నిలబెట్టు భారమంతయు ఒక చిన్న గాజుగిన్నెలోని ఎఱ్ఱని పదార్థముపై నున్నది. అదియే క్రాన్‌బెర్రీ సాస్. ఆనాటి వంటకములన్నిటిలోను ఇంట చేసికొనుటకు మిక్కిలి సులభమైనది అదియే యయ్యును, డబ్బా మూత తీసి సరిపెట్టుకొనుటయు ముందుగా దాని విషయముననే జరుగుచుండుట నా మనసున నాటును. పచ్చడి లేని విస్తరి నెఱుగని తెలుగువారికి ఈ గిన్నె విలువను విడమరచి చెప్పనక్కరలేదు.

క్రాన్‌బెర్రీ పండు ఉత్తర అమెరికా ఖండపు సొంత సొత్తు. రేగుపండుకంటె చిన్నదై, గట్టిగా నిగనిగలాడుచు, నేలను ప్రాకు సన్నని తీగెలకు కాయును. సారవంతమైన మాగాణి దీనికి పనికిరాదు. ఆమ్లగుణము గల చిత్తడినేలలో, ఏండ్ల తరబడి నాచు కుళ్ళి పేరుకొన్న మన్నుపై, ఇసుక పొర పడిన చోటనే ఇది సుఖముగా పెరుగును. 1816 ప్రాంతమున మసాచుసెట్స్ రాష్ట్రములోని కేప్ కాడ్ తీరమందు, డెన్నిస్ గ్రామవాసియైన హెన్రీ హాల్ అనునతడు, సముద్రపుగాలి తెచ్చి పోసిన ఇసుక తన పొలమందలి అడవితీగెలను కప్పివేయగా అవి చచ్చుటకు మారుగా మునుపటికంటె ఏపుగా పెరిగి విరగకాయుట కనిపెట్టి, తానే తీగెలు నాటి, ఇసుక పఱచి, సాగునకు నాంది పలికెను. నేటికిని అక్కడి రైతులు చలికాలమున గడ్డకట్టిన నీటిపై ఇసుక చల్లుదురు. మంచు కరగినపుడు అది మెల్లగా దిగి తీగెల మొదళ్ళకు చేరును. నూరేండ్లు దాటియు కాపు మానని తీగెలు ఆ ప్రాంతమున గలవు. ఇప్పుడు ఆ దేశపు పంటలో సగమునకు మించినది విస్కాన్సిన్ రాష్ట్రమునుండి వచ్చుచున్నను, ఈ వ్యవసాయమునకు పుట్టినిల్లు మాత్రము కేప్ కాడే.

ఒక పండును అడ్డముగా కోసి చూడుడు. ఎఱ్ఱని తోలు క్రింద తెల్లని కండ, దాని నడుమ నాలుగు ఖాళీ గదులు, ఆ గదులలో ఆవగింజలవంటి విత్తులు కనబడును. ఆ గదులలోని గాలివలననే పండు నీటిపై తేలును. కోతకాలమున రైతులు పొలమునకు నీరు పెట్టి, యంత్రములతో తీగెలను కదిలింపగా, రాలిన పండ్లు పైకి తేలి పొలమంతయు ఒక్క ఎఱుపై నిలుచును. వానిని త్రాళ్ళవంటి తేలుడు కంచెలతో ఒకమూలకు చేర్చి తోడుకొందురు. ఆ గాలివలననే మంచి పండు బల్లపై వేసినచో ఎగిరి గంతువేయును, మెత్తబడినది పడినచోటనే పడియుండును. పండ్లను ఏరు యంత్రములు పుట్టినది ఈ గుణముపైననే; ఇంటిలో సంచి విప్పినవారును నాలుగు పండ్లను పళ్ళెములోనికి జారవిడిచి పరీక్షింపవచ్చును.

తెల్లవారు ఆ తీరమున అడుగిడుటకు ఎంతో మునుపే, వాంపనోగ్ మొదలగు అక్కడి ఆదిమజాతులవారు ఈ పండును పచ్చిగను ఎండబెట్టియు తినుచుండిరి. ఎండిన మాంసపుపొడితోను క్రొవ్వుతోను కలిపి దంచి ప్రయాణములకు దాచుకొనుచుండిరి. 1621లో ప్లిమత్‌లోని ఆంగ్ల వలసవాసులు, వాంపనోగ్ నాయకుడు మసాసాయిట్‌తోను ఆయన వెంట వచ్చిన తొంబదిమందితోను కలిసి, ఈ పండుగకు మూలమని చెప్పుకొను మూడుదినముల విందు గుడిచిరని, ఆ వలసవాసులలో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో జాబువలన తెలియుచున్నది. ఆ జాబులో పక్షుల మాటయు, ఐదు జింకల మాటయు గలవు గాని ఈ సాస్ ప్రసక్తి లేదు. ఉండుటకు అవకాశమును స్వల్పమే. చక్కెర వారికి సమృద్ధిగా లభించు వస్తువు గాదు. 1672లో ఆంగ్ల యాత్రికుడు జాన్ జాస్లిన్ ప్రకటించిన గ్రంథమునాటికి మాత్రము అక్కడి ఆంగ్లేయులును ఆదిమజాతులవారును ఈ పండును చక్కెరతో ఉడికించి మాంసమునకు నంజుకొనుట వాడుకలోనికి వచ్చియున్నది.

1796లో హార్ట్‌ఫర్డ్ పట్టణమున అమీలియా సిమన్స్ అను అనాథస్త్రీ వెలువరించిన వంటపుస్తకము అమెరికావారు తమ దేశమున తామే వ్రాసి అచ్చొత్తించుకొన్న మొదటిదిగా ప్రసిద్ధము. టర్కీకోడిని కాల్చు విధము చెప్పి, క్రాన్‌బెర్రీ సాస్‌తో వడ్డింపుమని ఆమె వ్రాసెను. మనవారు విని సంతోషింపదగిన సంగతి యేమనగా, ఆ వడ్డనలో దాని ప్రక్కనే మామిడి పేరు గల ఊరగాయయు గలదు. మన దేశమునుండి ఓడలపై పోయిన మామిడి ఊరగాయలకు అలవాటుపడిన ఆంగ్లేయులు, అవి అందనిచోట చిన్న పుచ్చకాయలను, దోసకాయలను తొలిచి, మసాలా కూరి, వినెగరులో ఊరవేసి చేసికొన్న వంటక మది. జిడ్డుతో నిండిన ఆ బల్లపై పులుపునకు చోటు కల్పించుటలో మన ఊరగాయకును కొంత పాలు గలదని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

సారా జోసెఫా హేల్ అను సంపాదకురాలు ఏండ్ల తరబడి చేసిన విజ్ఞప్తుల ఫలితముగా, 1863లో అబ్రహాం లింకన్ ఈ పండుగను జాతీయపర్వముగా ప్రకటించెను. 1941లో చేసిన చట్టము దానిని నాల్గవ గురువారమునకు స్థిరపఱచెను. నడుమ 1912లో, న్యాయవాదియై పిదప ఈ పంటలోనికి దిగిన మార్కస్ యురాన్, మసాచుసెట్స్‌లోని హాన్సన్‌లో, మచ్చపడి అమ్మకమునకు నిలువని పండ్లను ఉడికించి డబ్బాలలో నింపుట మొదలిడెను. రైతునకు అది మేలే చేసినది. కొద్దివారముల బేరము ఏడాది బేరమైనది. 1959 నవంబరు 9న, పండుగకు పదునేడు దినములు ముందు, కొన్ని పొలముల పంటలో అమైనోట్రైయజోల్ అను కలుపుమందు ఆనవాళ్ళు కనబడినవని ఆరోగ్యశాఖామాత్యుడు ఆర్థర్ ఫ్లెమింగ్ ప్రకటింపగా దేశమంతయు బెదరినది. రైతులకు ధైర్యము చెప్పుటకై విస్కాన్సిన్‌లో నాటి ఉపాధ్యక్షుడు నిక్సన్ ఈ సాస్‌ను నాలుగుమారులు వడ్డించుకొని తినగా, సెనేటరు కెనడీ ఈ పండ్ల రసమును త్రాగెను. ప్రజ ఒక్కయేడు జంకినను, పండుగబల్లపై ఈ గిన్నె చోటు మాత్రము చెక్కుచెదరలేదు.

ఇక వంటకు వత్తము. పన్నెండు ఔన్సుల సంచి, అనగా 340 గ్రాముల పండ్లు, ఒక కప్పు నీరు, ఒక కప్పు చక్కెర, చిటికెడు ఉప్పు. అంతకుమించిన దినుసులు అవసరము లేదు. పండ్లను కడిగి, మెత్తబడినవానిని, పుల్లలను ఏరివేయవలెను. పులుపు తీవ్రమగుటచే అల్యూమినియము, కళాయి లేని ఇత్తడి పాత్రలు పనికిరావు. అడుగు మందమైన స్టీలుగిన్నె మేలు. నీటిలో చక్కెర కరగి తెర్లునపుడు పండ్లను వేసినచో మొదట ఏమియు జరుగనట్లే యుండును. రెండుమూడు నిమిషములకు ఒక పండు చిట్లును, తరువాత మఱియొకటి, ఆపై పేలాలు వేగునట్లు చిటపటలు ఎడతెగకుండ సాగును. లోపలి గాలి వేడికి వ్యాకోచించి తోలును చీల్చుటయే ఆ చప్పుడు. గులాబివన్నె నురుగు పైకి పొంగును. గిన్నె అంచువఱకు నిండియున్నచో పొయ్యి పాలగును. మంట తగ్గించి గరిటెతో అప్పుడప్పుడు కలుపుచుండగా, తెల్లని కండ కరగి, నీరువంటి పాకము క్రమముగా మాణిక్యపువన్నెకు తిరిగి, గరిటె వెనుక అంటి నిలుచును. మొత్తము పది నిమిషముల పని.

ఇచ్చటనే చాలమంది తొందరపడుదురు. పొయ్యిమీద పలుచగా కనబడినదని ఇంకను మరిగింపరాదు. ఈ పండులో పెక్టిన్ అను జిగురు సహజముగనే మెండు. ఆ జిగురు, పండులోని ఆమ్లము, మనము వేసిన చక్కెర, ఈ మూడును చల్లబడునపుడు ఒకదానితో నొకటి ముడివడి తామంతట తామే పేరుకొనును. అతిగా మరిగించినచో ఆ జిగురు తునిగి, రుచి వగరెక్కును. సందేహమున్నచో ఫ్రిజ్‌లో నుంచిన పళ్ళెముపై ఒక చుక్క వేసి వ్రేలితో గీత గీయవలెను. గీత వెంటనే పూడనిచో దింపవచ్చును. చక్కెర మిక్కిలి తగ్గించినవారికి సాస్ వదులుగా మిగులును గాన, మొదటిమారు కొలత తప్పకుండుట మంచిది. కాని నా మట్టుకు నేను కప్పునకు నాలుగు చెంచాలు తగ్గింతును. కొంచెము జారినను సరే, పులుపు ముందుండవలెను. దింపునపుడు నారింజ తొక్కు తురుము ఒక చెంచా చాలును. దాల్చినచెక్క, లవంగము, సారాయి, ఆక్రోటు అన్నియు ఒక్కసారి చేర్చువారి ఉత్సాహము మెచ్చదగినదే యైనను, వాని నడుమ పండు మాట వినబడదు. పండుగకు రెండుదినములు ముందు చేసి ఫ్రిజ్‌లో నుంచినచో రుచి కుదురుకొనును. వారము పదిదినములు చెడదు.

అమెరికాలో కాపురమున్న తెలుగువారికి ఈ పండు మఱియొక విధముగ ఆప్తమైనది. వానకాలమున మన ఊళ్ళలో ముళ్ళపొదలకు కాచు వాక్కాయయు ఇట్లే పులుపును జిగురును గలదై, జెల్లీకి అక్కఱకు వచ్చునదే. పిల్లలయిండ్లకు వచ్చిన తల్లులు దుకాణములో ఈ సంచి చూచి, వాక్కాయను కోసి విత్తు తీయునపుడు కారు పాలజిగట దీనికి లేదని మెచ్చుకొని, పప్పునకు, పులిహోరకు, రోటిపచ్చడికి దీనిని వాడుటకు జంకలేదు. పప్పు చేయునపుడు మాత్రము కందిపప్పును ముందుగా మెత్తగ ఉడికించి, పండ్లను పచ్చిమిర్చితో, ఉల్లిపాయతో వేఱుగా మగ్గించి చివర కలుపవలెను. పులుపు తగిలిన పప్పు త్వరగా ఉడకదు. మెంతులు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపులో పండ్లను చిట్లించి, చిన్న బెల్లపుముక్క వేసి నూరిన పచ్చడిని టర్కీకోడి ప్రక్కన వడ్డించు ఇండ్లు ఇప్పుడు అనేకము. ఆ బల్లపై దాని చోటు న్యాయమైనదే. క్రొత్తపండు శీతకాలము దాటిన పిమ్మట దుకాణములలో అరుదు గావున, నవంబరులోనే నాలుగు సంచులు కొని, కడుగకుండ, విప్పకుండ ఫ్రీజరులో నుంచుడు. గడ్డ కరగువఱకు ఆగనక్కఱలేదు. కడిగి తిన్నగా గిన్నెలో వేయవచ్చును, మఱి రెండు నిమిషములు ఆలస్యముగా చిట్లును, అంతే.