కోత మానింది, పరీక్షలు మానకండి

ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి మూత్రం ఎర్రగా పోతే, చేజర్ల వైపు పల్లెల్లో ముందుగా వినబడే మాట "వేడి చేసింది, బార్లీ నీళ్లు తాగు" అని. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది. నొప్పి లేదు గనుక సంగతి మరచిపోతాం. కాని ప్రియ పాఠకులారా, మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడినా పరీక్ష చేయించుకోవాలి. రాళ్లు కారణం కావచ్చు, మూత్రపిండంలో క్యాన్సరు గడ్డ కూడా కావచ్చు.

గడ్డ మూత్రపిండం దాటనియెడల ఆపరేషనే ముఖ్యమైన చికిత్స. చిన్నదైతే గడ్డ వరకే తీస్తారు, పెద్దదైతే మూత్రపిండమంతా తీస్తారు. రెండవది ఆరోగ్యంగా ఉంటే మనిషి బ్రతకడానికి అది చాలు. మామూలు కీమోథెరపీ ఈ వ్యాధిపై అంతగా పనిచేయదు. వ్యాధి వ్యాపించినవారికి ఇప్పుడు వేరే మాత్రలు, ఇంజెక్షన్లు ఉన్నాయి.

అసలు చిక్కు తరువాతనే. కోత మానుతుంది, మనిషి మళ్లీ పొలానికి వెళతాడు. డాక్టరు రమ్మన్న రోజున నాట్లు పడతాయి, లేదా ఛార్జీలకు డబ్బు ఉండదు. "బాగానే ఉన్నాను గదా" అనుకుంటాడు. ఈ వ్యాధి కొందరిలో ఏ బాధా తెలియనీయకుండా ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో తిరిగి తలెత్తుతుంది. అందుకే మొదటి రెండు మూడేళ్లు తరచుగాను, తరువాత ఏడాదికొకసారి, కనీసం 5 ఏళ్లపాటు చూపించుకోవాలి. ఎవరు ఎన్ని నెలలకు రావాలో డాక్టరే చెబుతారు. కడుపు స్కానింగు, ఛాతీ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, బి.పి. చూస్తారు. ముందే కనబడితే చికిత్సకు వీలు ఎక్కువ.

ఇంటివారు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఆసుపత్రి కాగితాలన్నీ ఒకే సంచిలో భద్రపరచండి. మళ్లీ వెళ్లవలసిన తేదీని గోడ క్యాలెండరులో గుర్తుపెట్టండి. ఏ డాక్టరు వద్దకు వెళ్లినా ఒకే మూత్రపిండం ఉన్నదని చెప్పండి. అడగకుండా నొప్పి బిళ్లలు వేసుకోవద్దు. చుట్ట, బీడీ మానాలి.

మన ప్రాంతంవారికి తిరుపతిలో స్విమ్స్, 1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఒకే మంచంతో ఆరంభించిన వేలూరు ఆసుపత్రి, 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి స్థాపించిన చెన్నై అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అందుబాటులో ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం కింద ఖర్చు వస్తుందేమో ముందే విచారించండి.

మన సంఘంలో ఇటువంటి ఆపరేషను అయినవారిని పరామర్శించినప్పుడు, "ఎలా ఉన్నారు?" అని మాత్రమే గాక "మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అని కూడా అడుగుదాం. ఆ రోజున ఒకరు తోడు వెళితే, మరొకరు వారి గొడ్లకు మేత వేద్దాం.