తాతగారి జీపు

మా తాతగారి జీపు 1965 నాటిది. విల్లీస్ వారి నమూనా, మహీంద్రా వారి తయారీ. కోదాడ పొలాల్లో, సాగరు ఎడమ కాలువ గట్ల మీద తిరిగి తిరిగి, ఇప్పుడు సూర్యాపేటలో మా వేపచెట్టు కింద విశ్రాంతి తీసుకుంటున్నది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు దాన్ని బాగుచేయించాలని బుద్ధి పుట్టింది!

ఇంట్లో సభ తీరింది. "డీజిలు ఇంజను పెట్టిద్దాం నాన్నా!" అన్నాడు అబ్బాయి. "ముందు మెత్తని సీట్లు వేయించండి" అన్నది మా ఆవిడ. నాకేమో వేగం కావాలి.

మిర్యాలగూడలో లారీలు బాగుచేసే పెద్దాయన నవ్వాడు.

"సార్, దీని ఇరుసులో పళ్ళ లెక్క 5.38. లోపలి షాఫ్టు అయిదుసార్లకు పైగా తిరిగితేగాని చక్రం ఒక్కసారి తిరగదు. అందుకే బురదలోంచి లాగుతుంది, రోడ్డు మీద పరుగెత్తదు. ఆ లెక్క మారిస్తే వేగం వస్తుంది, లాగుడు తగ్గుతుంది. పెద్ద ఇంజను పెడితే ఈ పాత బ్రేకులు ఆగుతాయా?"

ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందే కావాలి. పైగా 2021 నిబంధనల ప్రకారం, యాభై ఏళ్ళు దాటిన బండికి 'వింటేజ్' గుర్తింపు రావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. గుర్తింపు వస్తే రోజూ తిప్పకూడదు.

పరుగెత్తే బండా, తాతగారి బండా? రెండు రాత్రులు ఆలోచించాను. చివరకు వరస కుదిరింది: ముందు బ్రేకులు, తర్వాత వైరింగు, ఆపైన ఉన్న ఇంజనుకే మరమ్మతు. మా ఆవిడకు రెండు దిళ్ళు.

వేగమంటారా? కోదాడకు బస్సులున్నాయి గదా!