జుట్టుకు సెలీనియం: మితమైతే మేలు, మించితే చేటు

జుట్టు రాలిపోతోందని దిగులుపడని విద్యార్థి ఈ రోజుల్లో అరుదు. దువ్వెనకు నాలుగు వెంట్రుకలు అంటుకుంటే చాలు, నూనె మారుస్తాం, షాంపూ మారుస్తాం, ఎవరో చెప్పిన మాత్రల కోసం ఆరా తీస్తాం. అలాంటి మాత్రల డబ్బాలపై తరచుగా కనిపించే పేరు 'సెలీనియం'. ఇది నిజంగా జుట్టుకు అవసరమా? మనకిచ్చే కాస్మెటిక్ ఛార్జీల డబ్బును దీనికోసం ఖర్చు చేయాలా? తెలుసుకుందాం.

సెలీనియం అంటే ఏమిటి?

ఇది ఒక మూలకం. దీని పరమాణు సంఖ్య 34. ఆవర్తన పట్టికలో గంధకానికి సరిగ్గా కింద ఉంటుంది. 1817లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ దీనిని కనుగొని, గ్రీకుల చంద్రదేవత సెలీనీ పేరు పెట్టాడు. ఇది నేలలో నుండి పంటలోకి, పంట నుండి మన శరీరంలోకి చేరుతుంది. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 40 మైక్రోగ్రాములు కావాలి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. అంటే మనకు రోజంతటికీ కావలసినది ఒక సన్నని ఉప్పు రేణువంత బరువు కూడా ఉండదన్నమాట!

జుట్టుకు ఎలా తోడ్పడుతుంది?

మన శరీర కణాలలో హానికరమైన పెరాక్సైడ్లు తయారవుతుంటాయి. వాటిని విరిచేసే గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములో సెలీనియం ఒక భాగం. వెంట్రుకల కుదుళ్ళకు కూడా ఈ రక్షణ అవసరం. అలాగే థైరాయిడ్ హార్మోను చురుకుగా మారడానికి తోడ్పడే ఎంజైములలోనూ ఇది ఉంది. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే జుట్టు పలచబడుతుందని మనకు తెలిసిందే.

మించితే ఏమవుతుంది?

విచిత్రమేమిటంటే, ఎక్కువైన సెలీనియం ఆ జుట్టునే రాల్చేస్తుంది. చైనాలోని ఎన్షీ ప్రాంతంలో 1961-64 మధ్య సెలీనియం అధికంగా ఉన్న నేలల్లో పండిన పంటలు తిన్నవారికి జుట్టు, గోళ్ళు ఊడిపోయాయి. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప పోషక మందులో పొరపాటున సెలీనియం అనేక రెట్లు ఎక్కువగా కలవడంతో 201 మంది అస్వస్థులయ్యారు. వారిలో చాలామందికి జుట్టు రాలిపోయింది.

అంత దూరం ఎందుకు? మన పొరుగున ఉన్న మహారాష్ట్రలో, బుల్ఢాణా జిల్లా షేగావ్ తాలూకా పల్లెల్లో 2024 డిసెంబరు, 2025 జనవరి నెలల్లో రెండు వందల మందికి పైగా కొద్ది రోజుల్లోనే జుట్టు ఊడిపోయింది. వారిలో కాలేజీ విద్యార్థులు, ఆడపిల్లలు కూడా ఉన్నారు. మొదట అందరూ నీటిని అనుమానించారు. పద్మశ్రీ గ్రహీత డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ పరీక్షలు చేయించి, బాధితుల శరీరంలో సెలీనియం చాలా ఎక్కువగా, జింకు తక్కువగా ఉన్నాయని ప్రకటించారు. వారు తిన్న రేషను గోధుమలే ఇందుకు కారణమని ఆయన అభిప్రాయం. అతిగా తింటే అమృతం కూడా విషమే అని పెద్దలు ఊరికే అనలేదు.

మనం ఏం చేయాలి?

రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలడం సహజమే. అంతకు మించితే మన వయసులో ముందుగా అనుమానించవలసినది సెలీనియాన్ని కాదు. రక్తహీనత, మాంసకృత్తుల లోపం, టైఫాయిడ్ వంటి జ్వరాలు అసలు కారణాలు కావచ్చు. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు రాలి, మళ్ళీ దానంతట అదే వస్తుంది. హాస్టలుకు డాక్టరు వచ్చినప్పుడు సిగ్గుపడకుండా చెప్పి, రక్త పరీక్ష చేయించుకోవాలి.

సెలీనియం కోసం మాత్రలు కొననవసరం లేదు. ఒక కోడిగుడ్డులో సుమారు 15 మైక్రోగ్రాములు ఉంటుంది. చేపలు, మాంసం, గోధుమలు, పప్పుల ద్వారా కూడా లభిస్తుంది. మెనూలో ఇచ్చిన గుడ్డును వాసన వస్తుందని పక్కవాడి పళ్ళెంలో వేసి, తరువాత మెడికల్ షాపులో మాత్రలు కొనడం ఎంత అవివేకం! చుండ్రుకు వాడే సెలీనియం సల్ఫైడ్ షాంపూ వేరు. అది తలకు పట్టించి కడిగివేసేది మాత్రమే.

కాబట్టి మిత్రులారా! పళ్ళెంలోని పప్పు, గుడ్డు, ఆకుకూర వదలకుండా తిందాం. డాక్టరు చెప్పనిదే ఏ మాత్రా మింగవద్దు. మన జుట్టుకు కావలసిన బలం మన అన్నం పళ్ళెంలోనే ఉంది.