పిల్లల పళ్లకు ఎక్స్‌రే: ఎప్పుడు, ఎందుకు?

బాయిలరుకు వేసిన వెల్డింగు పైకి ఎంత నున్నగా కనిపించినా, లోపల గాలిబుడగ ఉన్నదో, పగులు ఉన్నదో కంటితో చూచి చెప్పలేము. అందుకే రేడియోగ్రఫీ చేయిస్తాము. కర్మాగారంలో మారుమాట లేకుండా అంగీకరించే ఈ న్యాయాన్ని పిల్లల దంతాల దగ్గర అంగీకరించడానికి మనలో చాలామందికి మనసొప్పదు. “ఎలాగూ ఊడిపోయే పాలపళ్లే కదా, పసివాడికి ఎక్స్‌రే దేనికి?” అంటారు.

రాయ్‌పూర్‌లోని దేవేంద్ర నగర్ వంటి పేటలలో ఈ ప్రశ్న తెలుగులోనూ వినిపిస్తుంది. ఉద్యోగరీత్యా వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఎక్స్‌రే అనగానే భయపడి వద్దనేవారు కొందరైతే, అడగకుండానే అన్ని పళ్లకూ తీయించమనేవారు మరికొందరు. ఈ రెండు ధోరణులూ సరికావు.

కంటికి కనిపించనిది

పాలపళ్లు ఇరవై. నాలుగైదేళ్ల వయసు వచ్చేసరికి దవడ పాలపళ్లు సాధారణంగా ఒకదానికొకటి ఆనుకొంటాయి. ఆ సందులో మొదలైన పుచ్చు అద్దానికి గాని, దీపానికి గాని అందదు. పాలపంటి ఎనామిల్ పలుచన గనుక పుచ్చు త్వరగా లోపలి గుజ్జును చేరుతుంది. నొప్పి తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు. పిల్లవాడు చిన్న రెక్కను కొరికి పట్టుకొనగా తీసే బైట్‌వింగ్ చిత్రంలో పై, క్రింది పళ్ల సందులు ఒకేసారి కనిపిస్తాయి. మరికొన్ని రకాల చిత్రాలలో చిగురు లోపల శాశ్వత దంతం ఉన్నదా, దారి తప్పినదా అన్నది కూడా తెలుస్తుంది.

దవడ పాలపళ్లు సుమారు పది, పన్నెండేళ్ల వరకు ఉండవలసినవి. ముందే పోతే ప్రక్క పళ్లు ఒరిగి, రాబోయే పంటికి చోటు లేకుండా చేస్తాయి. “ఊడిపోయేవే” అన్న మాటలోని పొరపాటు ఇదే.

అయితే ఎక్స్‌రేకూ హద్దులున్నవి. పంటిలోని ఖనిజం తగినంత కరిగితే తప్ప పుచ్చు చిత్రంలో కనిపించదు. కనుక మొదట వైద్యుని పరీక్ష, ఆ తరువాతనే చిత్రం.

భయమెంత, జాగ్రత్త ఎంత?

1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న కొద్ది వారాలకే, జర్మనీలో ఒట్టో వాల్కాఫ్ తన దంతాలనే చిత్రం తీసుకొన్నాడు. అందుకు 25 నిమిషాలు పట్టింది. అమెరికాలో ఈ విద్యకు ఆద్యులలో ఒకడైన ఎడ్మండ్ కెల్స్ కిరణాల ధాటికి వేళ్లను, చివరకు చేతినే పోగొట్టుకొన్నాడు. భయానికి కారణం లేకపోలేదు.

నేడు ఒక్క చిత్రానికి క్షణంలో కొంత భాగం చాలు. ఒక చిన్న డిజిటల్ చిత్రానికి సుమారు 0.005 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుండి మనిషికి చేరే కిరణాల ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. అనగా ఆ చిత్రం ఒకరోజు సహజ మోతాదుకు మించదు. నోరంతా చూపే పెద్ద చిత్రానికి ఇంతకన్న ఎక్కువ, త్రీడీ స్కానుకు మరెంతో ఎక్కువ. ఎదిగే కణాలు సున్నితమైనవి గనుక, అవసరం లేని చిత్రం చిన్నదైనా వద్దు.

అమెరికా దంతవైద్యుల మార్గదర్శకాల ప్రకారం, పళ్ల సందులు కంటికి అందని పిల్లలలో పుచ్చు ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 6 నుండి 12 నెలలకు, తక్కువగా ఉన్నవారికి 12 నుండి 24 నెలలకు బైట్‌వింగ్ సరిపోతుంది. కిరణపుంజాన్ని కావలసిన మేరకే కుదిస్తే చాలునని, సీసపు ఏప్రాన్ ప్రతిసారీ అవసరం లేదని 2024లో అక్కడి దంతవైద్య సంఘం సూచించింది. మన దేశంలో దంత ఎక్స్‌రే యంత్రాలకు కూడా 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి.

తల్లిదండ్రులు చేయదగినవి

ఏ పన్ను కోసం, ఏమి చూడడానికి, ఫలితాన్ని బట్టి చికిత్స ఎలా మారుతుందో వైద్యుణ్ణి అడగండి. ఫొటో తీసేటప్పుడు కదలకూడదని బిడ్డకు ఇంటివద్దనే నేర్పండి. చిత్రం చెదిరితే మళ్లీ తీయవలసి వస్తుంది.

మనవి బదిలీల ఉద్యోగాలు. ఊరు మారేటప్పుడు స్కూలు టీసీతోపాటు బిడ్డ పళ్ల పాత చిత్రాలను కూడా వెంట తీసుకొని వెళ్లండి. క్రొత్త ఊరి వైద్యుడు పోల్చి చూడగలుగుతాడు, ఒక చిత్రం తప్పినా తప్పవచ్చు.