తాలు బుడ్డలు ఎందుకొచ్చాయి? వీడియో చూశాక మనం చేయాల్సిన వెతుకులాట

పై వీడియోలో నేను చేతిలో పట్టుకున్న వేరుశనగ మొక్క దగ్గర ఒక్కసారి ఆపి చూడండి. ఆకు పచ్చగా ఉంది, కాపు నిండుగా ఉంది. కానీ కాయ నొక్కితే లోపలికి పోతోంది, గింజ లేదు. వనపర్తి వైపు ఎర్ర చెల్క అది, నా మడే. నాలుగేళ్లుగా రసాయనం వేయలేదు, జీవామృతం తప్పకుండా పారిస్తున్నాను. అయినా సగం మడిలో తాలు కాయలే.

ఆ రాత్రి ఫోన్‌లో వరుసగా మూడు వీడియోలు చూశాను. జిప్సం వేయకపోతే ఇంతే అన్నాడు ఒకాయన. బయటి నుంచి ఏది కొని వేసినా అది ప్రకృతి వ్యవసాయం కాదు, జీవామృతం పెంచండి అన్నాడు ఇంకొకాయన. మూడో ఆయన ఇది బోరాన్ లోపమని చెప్పి, చివర్లో తను అమ్మే డబ్బా చూపించాడు. ముగ్గురూ గట్టిగానే చెప్పారు. గద్వాల అయినా, నాగర్‌కర్నూల్ అయినా మనలో చాలామందిమి ఇక్కడే ఆగిపోతాం. ఎవరి మాట బాగుంటే వాళ్లు చెప్పింది చేసేస్తాం. తేడా వస్తే పోయేది మన పంట, వాళ్లది కాదు కదా. అందుకే ఈసారి తొందరపడకుండా, ఒక నోటుబుక్కు పెట్టుకుని వెతికాను. ఎట్లా వెతికానో చెప్పడానికే ఇది రాస్తున్నా.

మొదటి పేజీలో ప్రశ్న రాసుకున్నాను. "దిగుబడి ఎట్ల పెంచాలి" అని రాస్తే ప్రపంచమంతా జవాబు చెప్తుంది, ఒక్కటీ మనకు పనికిరాదు. నేను రాసింది ఇది: ఎర్ర చెల్కలో, బోరు కింద, యాసంగి వేరుశనగకు తాలు కాయలు వచ్చాయి, కారణం కాల్షియమా, నీళ్లా, బోరానా? ప్రశ్న ఇట్లా చిన్నది చేస్తే సగం పని అయినట్టే. మూడో వీడియో సంగతి అయిదు నిమిషాల్లో తేలింది. బోరాన్ తక్కువైతే గింజ తయారవుతుంది, కాకపోతే రెండుగా చీలిస్తే లోపల గుంటపడి గోధుమరంగులో ఉంటుంది. నా కాయల్లో అసలు గింజే లేదు. కత్తి, పది కాయలు చాలు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

మిగతా రెండింటికి ఇంటర్నెట్ కావాలి. ఇక్కడ పేర్ల దగ్గరే పెద్ద చిక్కు. మన పాలమూరులో బుడ్డలు అంటాం, పల్లి అంటాం. పుస్తకంలో వేరుశనగ. ఇంగ్లీషులో మన దేశపు శాస్త్రవేత్తలు గ్రౌండ్‌నట్ అని రాస్తే, అమెరికావాళ్లు పీనట్ అని రాస్తారు. తాలు కాయలను వాళ్లు పాప్స్ అంటారు. ఈ ఒక్క మాట తెలియక నేను రెండు రోజులు ఊరికే తిరిగాను. అది తెలిశాక పీనట్, పాప్స్, కాల్షియం అని మూడు మాటలు కలిపి కొట్టి, చివర పీడీఎఫ్ అని చేర్చాను. అమ్మకం పేజీలు తగ్గి, విశ్వవిద్యాలయాల కాగితాలు ముందుకొచ్చాయి. ఇంగ్లీషు రాకపోతే ఫోన్‌లోనే తెలుగు చేసుకోవచ్చు. అంకెలు, కొలతల దగ్గర మాత్రం అసలు కాగితం చూడండి. ఎకరా, హెక్టారు తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు మారిపోతుంది.

అక్కడ దొరికిన విషయం నాకు కొత్త. మొక్క వేరు తీసుకున్న కాల్షియం నీటితోపాటు పైకి, ఆకులకు పోతుంది. ఆకుల్లోంచి మళ్లీ కిందికి, భూమిలో ఉన్న కాయకు దాదాపు రాదు. ఊడ భూమిలోకి దిగాక, కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే కాల్షియం తీసుకోవాలి. అందుకే మొక్క పచ్చగా ఉండి కూడా కాయ తాలు పోవచ్చు. పై మట్టి ఎండిపోతే కాల్షియం ఉన్నా కాయకు అందదు. అంటే కాల్షియం, నీళ్లు రెండు వేర్వేరు కారణాలు కావు, ఒకదానిలో ఒకటి కలిసి ఉన్నాయి. మా ఊరి పెద్దాయన ఒకరు ఈ ముక్క ఏ కాగితం చదవకుండానే చెప్పిండు: "ఊడ దిగినంక పై తడి ఆరనియ్యొద్దు బిడ్డా, ఆరితే బుడ్డ పట్టది." పెద్దవాళ్లను అడిగేటప్పుడు "ఏం వేసేవాళ్లు" అని ఒక్కటే అడిగి రాకండి. ఏ చెలకలో, ఏ కార్తెలో, నీళ్లు ఎట్లా పెట్టేవాళ్లు అని కూడా అడగండి. అసలు సరుకు అందులోనే ఉంటుంది.

తర్వాత పుస్తకం. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా తెచ్చే వ్యవసాయ పంచాంగం మనలో చాలామందికి రసాయన వ్యవసాయం పుస్తకమని చిన్నచూపు. నాకూ ఉండేది. కానీ వేరుశనగకు పూత, ఊడల దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయమన్నది మన భూముల కోసం చేసిన సిఫారసే. దాన్ని జీవామృతంతో పోల్చి లెక్క కట్టాను. శుద్ధమైన జిప్సంలో కాల్షియం దాదాపు 23 శాతం, అంటే 200 కిలోల్లో ఇంచుమించు 46 కిలోలు. పాలేకర్ గారి పద్ధతిలో ఎకరాకు 200 లీటర్ల జీవామృతానికి పడే పేడ 10 కిలోలు, అందులో ఎక్కువభాగం నీళ్లే. దానిలో కాల్షియం గ్రాముల లెక్కలో ఉంటుంది. జీవామృతం పని ఎరువు మోయడం కాదు, సూక్ష్మజీవులతో భూమిలో ఉన్నదాన్ని అందించడం అని మనమే చెప్తాం. అయితే అసలు ప్రశ్న ఇది: నా భూమిలో అందించడానికి ఉందా?

దీనికి జవాబు ఏ వీడియోలోనూ దొరకదు. మట్టి పరీక్ష కావాలి. ఇంట్లో ఉన్న సాయిల్ హెల్త్ కార్డు తీసి చూశాను. అందులో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. కాల్షియం లేదు! ఇన్నేళ్లూ కార్డు ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. కాబట్టి మట్టి ఇచ్చేటప్పుడు కాల్షియం కూడా చూస్తారా అని నోరు తెరిచి అడగాలి. నాగర్‌కర్నూల్ జిల్లా వాళ్లకు పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వనపర్తి వాళ్లకు మదనాపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ముందు రైతు వేదికలో ఏఈవో గారిని అడిగినా దారి చెప్తారు. వట్టి చేతులతో పోకండి. మట్టి, తాలు కాయలున్న మొక్క వేరుతో సహా, విత్తిన తేదీ, నీళ్లు పెట్టిన తేదీలు రాసిన కాగితం తీసుకుపోండి. "సార్, దిగుబడి రాట్లేదు" అంటే ఎవరైనా ప్యాకేజీ మొత్తం చదివి వినిపిస్తారు. మొక్క బల్లమీద పెడితే మాట వేరేగా ఉంటుంది.

ఇంకో చోట నేను తప్పులో కాలు వేయబోయాను. అమెరికాలో జార్జియా రాష్ట్రం వేరుశనగకు పెట్టింది పేరు. అక్కడి విశ్వవిద్యాలయం ఊడ దిగే పై పొర, అంటే పై మూడు నాలుగు అంగుళాల మట్టినే తీసి కాల్షియం చూడమంటుంది. ఆ ఆలోచన మనకూ పనికొస్తుంది. కానీ ఇంత ఉంటే చాలు అని వాళ్లు ఇచ్చే అంకెను నా రిపోర్టు పక్కన పెట్టి సంతోషపడ్డాను. తర్వాత తెలిసింది, వాళ్ల ల్యాబులో వాడే ద్రావణం వేరు, మన దగ్గర వాడేది వేరు. ఒకే మట్టికి రెండు అంకెలు వస్తాయి. పద్ధతి తీసుకోవచ్చు గానీ అంకె అట్లానే ఎత్తుకొచ్చి పెట్టకూడదు.

మన దేశపు వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు కృషికోశ్‌లో ఉచితంగా చాలా దొరుకుతాయి. మొత్తం చదవక్కర్లేదు. ఏ నేల, ఏ సంవత్సరం, ఏమీ వేయని మడి పెట్టారా లేదా చూసి, పట్టిక అడుగున సీడీ అనే వరుస చూడండి. రెండు మడుల దిగుబడి తేడా ఆ అంకె కంటే తక్కువైతే, ఆ తేడాను లెక్కలోకి తీసుకోవద్దని అర్థం. ఇది తెలిశాక నాకు వీడియోల్లో వినిపించే "రెండు బస్తాలు ఎక్కువొచ్చింది" అన్న మాటల బరువు తగ్గిపోయింది.

ఇక వేయొచ్చా, వేయకూడదా? సేంద్రియ ధ్రువీకరణ ఉన్నవాళ్లకు ఇది సర్టిఫికెట్ పోయే విషయం. జాతీయ సేంద్రియ ప్రమాణాలు, ఎన్‌పీఓపీ, అనుమతించే పదార్థాల్లో జిప్సం ఉంది. అయితే గనిలో తవ్విన జిప్సం వేరు, ఫాస్ఫారిక్ ఆమ్లం తీసే ఎరువుల కార్ఖానాల్లో మిగిలే ఫాస్ఫోజిప్సం వేరు. బజార్లో రెండూ జిప్సమే. నేను అడిగిన ఒక దుకాణంలో "జిప్సం అంటే జిప్సమే అన్నా" అన్నారు. మూట మీద ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉందా చూడండి, బిల్లు అడగండి, పీజీఎస్ గుంపులో ఉంటే వేయకముందే గుంపులో పెట్టి రాయించుకోండి.

చివరికి నేను మడంతా వేయలేదు. గని జిప్సమే కొద్దిగా దొరికింది. పైగట్టు నుంచి కిందిగట్టు దాకా ఎనిమిది సాళ్లు వేసి, ఎనిమిది సాళ్లు వదిలి, మళ్లీ ఎనిమిది వేసి, ఇట్లా మూడుసార్లు పుల్లలు పాతాను. నీళ్లు అన్నింటికీ ఒకటే. పీకేటప్పుడు ఒక్కో పట్టీలో పది మొక్కలు, బాగున్నవి ఏరకుండా, వరుసగా లెక్కపెట్టి తీశాం. పైగట్టు వైపు ఇసుక ఎక్కువున్న చోట జిప్సం పట్టీల్లో తాలు తగ్గింది. కిందిగట్టు వైపు బరువు మట్టిలో రెండు పట్టీలకూ తేడా చెప్పలేకపోయాం. అందుకే అలంపూర్ వైపు నల్లరేగడి రైతులు ఇది చూసి జిప్సం కొనొద్దు. ఆ నేలల్లో మామూలుగా సున్నం ఎక్కువే ఉంటుంది, మీ ప్రశ్న వేరే కావచ్చు.

ఇది ఒక్క యాసంగి మాటే. వచ్చే యాసంగి పైగట్టులో అవే పట్టీలు తారుమారు చేసి వేస్తున్నాను, ఈసారి సగం పట్టీలకు మల్చింగ్ కూడా. తడి ఆరకుండా ఉంటే జిప్సం లేకుండానే గింజ పడుతుందేమో చూడాలి. పుల్లలు అట్లానే ఉంచాను, పీకే రోజు వీడియో తీస్తాను.